సరిహద్దు కాలేజీ లైబ్రరీల ఇచ్చిపుచ్చుకోళ్లు: పర్లాకిమిడి ప్రాజెక్టు డైరీ

జూన్ 2025

గుణుపురం కాలేజీ లైబ్రరీ జాబితా కూడా అందింది. మొదటి విడతలో అనుకున్న కాలేజీలన్నీ తమ పుస్తకాల లిస్టులు ఇచ్చేశాయి. ఒడిశా వైపు పర్లాకిమిడిలో మాది, తర్వాత గుణుపురం, రాయగడ, బరంపురం. ఆంధ్రా వైపు పాతపట్నం, టెక్కలి. ఒక కాలేజీ బీరువాలో ఉన్న పుస్తకం ఇంకో కాలేజీ విద్యార్థికి తన లైబ్రరీ కౌంటర్‌లోనే అందేలా చెయ్యాలన్నది మేం పెట్టుకున్న పని. ఇంటర్ లైబ్రరీ లోన్ అనేది ఇదే. విద్యార్థి ఊళ్లు తిరగక్కర్లేదు, వేరే చోట మెంబర్‌షిప్ కట్టక్కర్లేదు. అడిగిన లైబ్రరీ తన పూచీ మీద తెప్పించి ఇస్తుంది.

దేశంలో ఇలాంటివి ఎప్పటినుంచో ఉన్నాయి. డెల్‌నెట్ అనే లైబ్రరీల నెట్‌వర్క్ 1988లో ఢిల్లీ ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్‌లో మొదలైంది. మొదట ఢిల్లీ లైబ్రరీల కోసమే పెట్టినా తర్వాత దేశమంతా పాకింది. యూనివర్సిటీ లైబ్రరీల్ని కలిపే, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ 1991లో ప్రాజెక్టుగా మొదలై 1996లో స్వతంత్ర సంస్థ అయింది. యూనివర్సిటీ లైబ్రరీల్లో ఏ పుస్తకం ఎక్కడుందో చూపించే ఇండ్‌క్యాట్ దానిదే. మా డిగ్రీ కాలేజీల బీరువాల్లో ఏముందో మాత్రం ఎక్కడా కనపడదు. మహేంద్రతనయ నది అవతల పాతపట్నంలో ఉన్న పుస్తకం కోసం మా పిల్లలు విశాఖపట్నం దాకా వాకబు చేస్తారు. ఆటోలో వెళ్లొచ్చే దూరంలో ఉందని వాళ్లకి చెప్పేవాళ్లు లేరు.

ఇక్కడ తెలుగు చదివే విద్యార్థికి ఈ ఇబ్బంది రెండింతలు. ఒడిశా కాలేజీల్లో కొత్త తెలుగు పుస్తకాలు పెద్దగా కొనరు. ఆంధ్రా కాలేజీల్లో ఒడియావి అసలే కొనరు. గజపతి, రాయగడ జిల్లాల మీద పనిచేసే ఆంధ్రా రీసెర్చ్ స్కాలర్లకి కావలసినవి ఇటు ఉన్నాయి. ఇటు తెలుగు ఇళ్లలో పుట్టిన పిల్లలకి కావలసినవి అటు ఉన్నాయి.

జూన్ ఆఖరు

లిస్టులన్నీ ఒక్క రూపంలో లేవు. లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు తలా ఒకటి: ఒక కాలేజీ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల సోల్ వాడుతోంది, ఇంకొకటి కోహా, మరొకటి కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ ఇచ్చిన ఈ-గ్రంథాలయ. మిగిలినవి ఎక్సెల్‌లో వచ్చాయి. ఒకచోట యాక్సెషన్ రిజిస్టర్ (కొన్న పుస్తకాలకి వరుస నంబర్లు వేసి రాసే పుస్తకం) పేజీలకి ఫొటోలు తీసి వాట్సాప్ చేశారు. సోల్, కోహా రెండూ మార్క్ 21 అనే ప్రామాణిక పద్ధతిలో పుస్తకాల రికార్డుల్ని ఒకే ఫైలుగా బయటికిస్తాయి కాబట్టి వాటితో చిక్కు లేదు. ఉమ్మడి కేటలాగుకి కోహా ఎంచుకున్నాం. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగు, ఒడియా రెండూ సరిగ్గా చూపిస్తుంది, లైబ్రరీల మధ్య అప్పులు రాసుకునే మాడ్యూల్ అందులోనే ఉంది.

ఎక్సెల్ లిస్టులతోనే తంటా. తెలుగు పేర్లు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టారు, ఒడియా పేర్లు అలాంటిదే అయిన ఆకృతిలో. ఫాంటు ఉన్న కంప్యూటర్లో చక్కగా కనిపిస్తాయి. కోహాలోకి ఎక్కించగానే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గుట్ట అవుతాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే రూపంలోకి, మార్చినా ఒత్తులు, రావత్తు కొన్నిచోట్ల తప్పుతున్నాయి. మా డిగ్రీ పిల్లలు కొందరు మధ్యాహ్నం క్లాసులయ్యాక కూర్చుని ఒక్కొక్క పేరూ చదివి దిద్దుతున్నారు. ఒడియా లిస్టు బాగా చదవగలిగిన అమ్మాయి ఒకామె కాశీనగర్ నుంచి రోజూ వస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన పిల్లలు ఈ పనికి దొరకడం మా అదృష్టం. రెండు లిపులూ ఒకే చూపులో పట్టేస్తారు.

జులై

పేర్లు కలపడంలోనే నెలంతా గడిచింది. గిడుగు వెంకట రామమూర్తి గారి పుస్తకాలే చూడండి. ఒక లైబ్రరీలో గిడుగు కింద, ఒకచోట రామమూర్తి కింద, మరోచోట జి.వి. కింద ఎక్కించారు. ఇంగ్లిష్ స్పెల్లింగులు ఇంకా రకరకాలు. కోహాలో రచయిత పేరుకి ఒక అథారిటీ రికార్డు, అంటే ఒక ప్రామాణిక రూపం కట్టి, మిగతా రూపాలన్నీ దాని కింద 'చూడండి' అని పెట్టాం. ఇప్పుడు ఎలా వెతికినా ఆయన పుస్తకాలన్నీ ఒకచోటికి వస్తున్నాయి. ఊరి పేర్లదీ అదే కథ. పర్లాకిమిడి, పర్లాకిమెడి, పారలాఖెముండి అని ముద్రణ స్థలం మూడు విధాలుగా ఉంది.

పాత పుస్తకాలకి ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు) ఉండదు. అందుకని పేరు, రచయిత, ప్రచురించినవారు, సంవత్సరం నాలుగూ పోల్చి చూసుకుంటే తప్ప ఇవి రెండూ ఒకే పుస్తకమా కాదా తేలదు. పేరుని మార్క్ రికార్డులో పేరుకుండే 245 ఫీల్డులో దాని సొంత లిపిలోనే ఉంచాం. పేరు మరో రూపానికున్న 246లో మామూలు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఉచ్చారణ చూపే పైన గీతలూ కింద చుక్కలూ లేకుండా పెట్టాం. పద్ధతి ప్రకారం గీతలూ చుక్కలూ ఉండాలని బరంపురం సార్ అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ మా పిల్లలు వెతికేది ఫోన్లో. వాళ్లు కొట్టేలాగే ఉండాలని నేను పట్టుబట్టాను.

ఈ కొండల గిరిజన భాష సవర పుస్తకాల దగ్గర ఒక్క నిమిషం ఆగాల్సి వచ్చింది. మార్క్ భాషా కోడ్లలో తెలుగుకి, ఒడియాకి విడివిడిగా ఉన్నాయి. సవరకి సొంత కోడ్ లేదు, ముండా భాషల ఉమ్మడి కోడ్ కింద పెట్టాలి. 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సోంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. ఆ లిపిలో ఉన్న పుస్తకం పేరుని ఆ లిపిలోనే ఎక్కించొచ్చు. కంప్యూటర్లో ఫాంటు వేస్తే చాలు. వేశాం. గుమ్మా బ్లాకు నుంచి వచ్చిన సవర విద్యార్థి ఒకడు స్క్రీన్ మీద చదివి, సరిగ్గానే ఉంది సార్ అన్నాడు. భాష పేరుని వివరణ ఫీల్డులో సవర అనే విడిగా రాశాం, వెతికితే దొరకాలి కదా.

ఆగస్టు

కేటలాగు చూపించి, ఒప్పందం కాగితం ముందు పెట్టేసరికి అసలు సంగతి బయటపడింది. అందరూ లిస్టులు ఇచ్చారు, మీటింగుకి వచ్చారు, టీ తాగారు. సంతకం దగ్గర ఆగిపోయారు. ఒక కాలేజీ పెద్దాయన తర్వాత చూద్దాం అని ఫైలు పక్కన పెట్టారు. అది ఇంకా అక్కడే ఉంది.

ముప్పై ఏళ్ల సర్వీసున్న లైబ్రేరియన్ ఒకాయన నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పారు.

"మాస్టారూ, మీరు చేసేది మంచి పనే. కాదనను. కానీ పుస్తకం గడప దాటాక నాకు టెన్షన్. రేపు నేను రిటైరవుతాను. స్టాక్ వెరిఫికేషన్‌లో నాలుగు పుస్తకాలు తగ్గాయనుకోండి, నో డ్యూస్ సర్టిఫికెట్ ఆపేస్తారు. అప్పుడు టెక్కలి వాళ్లొచ్చి నా తరఫున మాట్లాడతారా?"

ఈ మాటకి మా కాగితంలో జవాబు లేకపోతే ఎన్ని మీటింగులు పెట్టినా లాభం లేదు. లైబ్రేరియన్ పుస్తకాన్ని దాచుకుంటున్నాడని మనం బయట అనుకుంటాం. యాక్సెషన్ రిజిస్టర్‌లో ప్రతి నంబరుకీ ఆయన పేరే పూచీ అయినప్పుడు దాచుకోక ఏం చేస్తాడు? అందుకని ఈ నెల మిగతా పనులన్నీ ఆపి ఈ ఒక్కదాని మీదే కూర్చున్నాం.

ముందు నియమాలు తీశాం. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 215వ రూల్ లైబ్రరీ పుస్తకాల గురించే. 20 వేల పుస్తకాల లోపున్న లైబ్రరీలో ఏటా పూర్తిగా లెక్క చూడాలి. 20 వేల నుంచి 50 వేల దాకా ఉంటే మూడేళ్లకి ఒకసారైనా చూడాలి. ఏడాదిలో ఇష్యూ చేసిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకీ ఐదు పోతే అది మామూలు నష్టమే, దురుద్దేశమో నిర్లక్ష్యమో కారణం కానంతవరకు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం గానీ అరుదైన పుస్తకం గానీ పోతే మాత్రం తప్పకుండా విచారణ జరగాలి. ఇది కేంద్ర సంస్థల రూల్. రాష్ట్ర కాలేజీలకీ ప్రైవేటు కాలేజీలకీ నేరుగా వర్తించదు. కానీ పుస్తకాలు వాడుకలో కొన్ని పోతాయని ప్రభుత్వమే లిఖితపూర్వకంగా ఒప్పుకున్న కాగితం ఇది. దీన్ని ప్రింటు తీసి ప్రిన్సిపాళ్ల ముందు పెడితే వాళ్ల మాటతీరు మారింది. చాలామంది దీన్ని మొదటిసారి చూశారు.

రెండోది, లైబ్రరీల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా 1954 నుంచి చెబుతున్న సూత్రం. ఇచ్చిన లైబ్రరీ గడప దాటిన క్షణం నుంచి తిరిగి ఆ గడపలోకి వచ్చేదాకా పుస్తకానికి అడిగిన లైబ్రరీదే బాధ్యత. దారిలో పోయినా, తడిసినా, పోస్టులో చిరిగినా అంతే. దీన్ని ఒప్పందంలో మొదటి షరతుగా రాశాం. ఇలా రాశాం:

ఇచ్చిన లైబ్రేరియన్ వ్యక్తిగతంగా బాధ్యుడు కాడు. పుస్తకం పోతే అడిగిన కాలేజీ అదే పుస్తకం కొని ఇవ్వాలి. దొరకకపోతే ఇప్పటి ధర కట్టాలి. దానికి అడిగిన కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం ముందే ఉండాలి. స్టాక్ వెరిఫికేషన్ రోజు పుస్తకం బయట ఉంటే, అడిగిన లైబ్రరీ ఇచ్చిన రసీదుని పుస్తకంతో సమానంగా లెక్కించాలి.

ఈ చివరి వాక్యం ఆ పెద్దాయనే చెప్పించారు. నిజానికి ఒప్పందం మొత్తానికి ప్రాణం ఈ వాక్యమే. రసీదు నమూనా కూడా ఆయనే గీసిచ్చారు. యాక్సెషన్ నంబరు, పేజీల సంఖ్య, బైండింగు ఎలా ఉంది, ఏ పేజీ చిరిగి ఉంది, ఎవరి చేతికిచ్చారు, రెండు వైపులా సంతకం. పేజీల సంఖ్య ఎందుకండీ అని మా అసిస్టెంటు అడిగితే, "మధ్యలో బొమ్మల పేజీ కోసేసి తిరిగిస్తే నువ్వెలా పట్టుకుంటావు బాబూ?" అన్నారు. అప్పటికప్పుడు బీరువాలోంచి పాత జిల్లా మాన్యువల్ తీసి, మ్యాపు ఉండాల్సిన చోట బ్లేడుతో కోసిన అంచు చూపించారు. అంచు నిటారుగా, వెంట్రుకవాసి కూడా వంకర లేకుండా ఉంది. నాకు మాట రాలేదు. మ్యాపులు, మడత బొమ్మలు ఎన్నున్నాయో రాసే గడి రసీదులో అప్పుడే చేర్చాం.

గడువు 30 రోజులు, ఎవరూ అడగకపోతే ఇంకో 15 రోజులు. ఆయన సంతకం పెట్టారు. ఫైలు పక్కన పెట్టిన కాలేజీ తప్ప మిగతావాళ్లు ఆయన పెట్టాడా అని అడిగి పెట్టారు.

సెప్టెంబరు

రవాణా. పాతపట్నం, పర్లాకిమిడి మధ్య సమస్యే లేదు. అటు ఉండి ఇటు పనిచేసేవాళ్లు, ఇటు ఉండి అటు చదివేవాళ్లు రోజూ తిరుగుతూనే ఉంటారు. టెక్కలి, పర్లాకిమిడి, గుణుపురం మూడూ ఒకే రైలు లైన్ మీద ఉన్నాయి. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడా లైటు రైల్వే ఇదే, తర్వాత గుణుపురం దాకా పెరిగి, బ్రాడ్‌గేజ్ అయింది. ఈ లైన్ మీద ప్రయాణించే స్టాఫ్ చేతికి సీలు వేసిన సంచీ ఇచ్చి పంపుతున్నాం. సంచీలో ఏముందో వాళ్లు సంతకం చేసి తీసుకుంటారు.

రాయగడ, బరంపురాలకి పోస్టే. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 చివర్లో తీసేశాక లైబ్రరీలు చాలా ఇబ్బంది పడ్డాయి. 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ పెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంది. విమానంలో కాక రోడ్డు, రైలు మీద వెళ్తుంది కాబట్టి కాస్త ఆలస్యం. మా పనికి ఆలస్యం ఫర్వాలేదు, ట్రాకింగ్ ముఖ్యం. పుస్తకం మీద ప్రచురించినవారిదో ముద్రించినవారిదో పేరు అచ్చయి ఉండాలన్నది నిబంధన. అందుకే అట్టా మొదటి పేజీలూ ఊడిపోయిన పాతవి పోస్టులో పంపకూడదని నిర్ణయించాం. అవి ఎలాగూ ప్రయాణానికి తట్టుకోవు.

వానాకాలం కదా, ప్యాకింగు గట్టిగా ఉండాలి. ముందు బ్రౌన్ పేపరు, దాని మీద ప్లాస్టిక్ కవరు, రెండు వైపులా అట్టముక్కలు, పైన గుడ్డ సంచీ. రబ్బరు బ్యాండు వాడొద్దని అందరికీ చెప్పాం. పాత కాగితం అంచుల్ని అది కోసేస్తుంది. వెడల్పు నాడా వాడాలి.

అక్టోబరు

ఇంతవరకు వచ్చిన అభ్యర్థనల్లో నన్ను బాగా కదిలించింది సవర నిఘంటువు. గుణుపురం వైపు సవర భాష మీద పనిచేస్తున్న స్కాలర్ ఒకమ్మాయి గిడుగు వారి సవర వ్యాకరణం, నిఘంటువు కావాలంది. వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం వేసింది. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరిన మనిషి, ఈ కొండల్లో సవరలతో కూర్చుని నేర్చుకుని రాసినవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ పుస్తకాలు పుట్టిన చోటే వాటి కోసం ఒక సవర అమ్మాయి వెతుక్కోవలసి రావడం బాధగా ఉంది.

మా ఉమ్మడి కేటలాగులో నిఘంటువు ప్రతి ఒక్కటే తేలింది. కాగితం ముట్టుకుంటే పొడి రాలుతోంది. పంపడం కుదరదు. కాపీరైట్ చూశాం. మన చట్టంలో రచయిత చనిపోయిన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కు. ఆయన 1940లో పోయారు. అంటే ఆ హక్కు గడువు ఎప్పుడో దాటిపోయింది, ఇప్పుడు అందరిదీ. ఏ అనుమతీ అక్కర్లేదు.

స్కాన్ ఎలా చేశామో రాస్తాను, వేరేవాళ్లకి పనికొస్తుంది. ఫ్లాట్‌బెడ్ మీద బోర్లా పెట్టి నొక్కితే వెన్ను విరుగుతుంది. అందుకని పుస్తకాన్ని పూర్తిగా తెరవకుండా, రెండు వైపులా దిండ్లు ఆనించి సగం తెరిచి, పైనుంచి స్టాండుకి బిగించిన ఫోనుతో తీశాం. ముందు కుడి పేజీలన్నీ, తర్వాత ఎడమ పేజీలన్నీ. కిటికీ వెలుతురు పక్కనుంచి పడితే చాలు, ఫ్లాష్ వద్దు. పేజీ తిప్పేటప్పుడు మూల పట్టుకోకుండా కింద పల్చటి కాగితం దూర్చి లేపాలి. సవర ఉచ్చారణ కోసం ఆయన అక్షరాలకి పెట్టిన గుర్తులు చాలా సన్నవి. రిజల్యూషన్ తగ్గిస్తే మాయమవుతాయి. ప్రతి పేజీనీ పెద్దది చేసి చూసుకుని, గుర్తులు చెదిరిన చోట మళ్లీ తీశాం. ఫైలు ఆ అమ్మాయికి పంపి, ఒక ప్రతి అన్ని కాలేజీల సర్వర్లలో పెట్టాం.

హక్కు ఇంకా ఉన్న పుస్తకాల సంగతి వేరు. పరిశోధన కోసమో సొంతంగా చదువుకోవడానికో న్యాయమైన మేరకు వాడుకోవచ్చని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. అందుకని అలాంటి వాటిలోంచి ఒక వ్యాసం లేదా ఒక అధ్యాయం మాత్రమే, అడిగిన మనిషికి మాత్రమే పంపుతున్నాం. భారతదేశంలో అమ్మకానికి లేని పుస్తకాన్ని వ్యాపారం కోసం కాని పబ్లిక్ లైబ్రరీ తన వాడకానికి మూడు ప్రతుల దాకా చేసుకోవచ్చని కూడా అదే సెక్షన్‌లో ఉంది. కాలేజీ లైబ్రరీ ఆ మాట కిందికి వస్తుందా రాదా అన్నది లాయర్లు తేల్చాల్సింది. తేలేదాకా దాన్ని మేం వాడుకోం.

డిసెంబరు

ఎక్కువమంది అడుగుతున్నవి పోటీ పరీక్షల గైడ్లు, సిలబస్ పాఠ్యపుస్తకాలు. వీటిని నెట్‌వర్క్‌లో ఇవ్వకూడదని నిర్ణయించాం. ఎక్కడివి అక్కడి పిల్లలకే చాలవు. దీని మీద గుణుపురం మేడంతో గట్టిగానే వాదన జరిగింది. హాస్టల్ పిల్లలకి గైడ్ కొనే స్తోమత లేదు, వాళ్లని కాదంటే ఈ నెట్‌వర్క్ ఎవరికోసం అన్నారు. ఆమె బాధ నిజమే. అందుకని ఒక దారి తీశాం. ఏ గైడ్లకి గిరాకీ ఉందో నెలనెలా లెక్క తీసి అన్ని కాలేజీలకీ పంపుతాం, కొనుగోళ్లప్పుడు ఎవరు ఏది కొనాలో ముందే మాట్లాడుకుంటాం. ఖరీదైన రిఫరెన్సు పుస్తకం ఒక్క కాలేజీ కొంటే చాలు. మిగిలిన డబ్బుతో హాస్టల్ పిల్లలకి గైడ్లు ఎక్కువ ప్రతులు కొనొచ్చు. కలిసి కొనడం కూడా కలిసి వాడుకోవడంలో భాగమే.

వచ్చినవాటిలో ఇంకో రకం నేను ఊహించనిది. టెక్కలి వైపు నుంచి ఒడియా ప్రాథమిక వాచకాలు అడుగుతున్నారు. ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఉద్యోగం దొరికినవాళ్లు ఒడియా చదవడం నేర్చుకోవాలట. ఇటునుంచి రాయగడ పిల్లలు తెలుగు కథల సంపుటాలు అడుగుతున్నారు, పరీక్షకి కాదు, చదువుకోవడానికి.

జనవరి 2026

జర్నళ్ల విషయం కొంత తేలికైంది. 2024 నవంబరు 25న కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకి 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13 వేలు, అందుతున్నాయి. దాన్ని నడిపేది ఇన్‌ఫ్లిబ్‌నెట్. ఇంగ్లిష్ సైన్స్ వ్యాసం కోసం ఇప్పుడు మా ప్రభుత్వ కాలేజీలు ఎవరినీ అడగక్కర్లేదు. ప్రైవేటు కాలేజీ విద్యార్థి అడిగితే మాత్రం లైసెన్సు ఏం ఒప్పుకుంటుందో చూసి చెయ్యాలి. పాస్‌వర్డు ఇచ్చేయడం మాత్రం ఎప్పటికీ కుదరదు, దాని మీద ఎవరూ ఒత్తిడి చెయ్యొద్దు. థీసిస్‌లకి శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారం ఉంది, వెతకడం పిల్లలకి నేర్పిస్తే చాలు. కాబట్టి మా శ్రమంతా ఇంకెక్కడా దొరకని వాటి మీదే పెట్టాలి. ఈ ప్రాంతపు తెలుగు, ఒడియా, సవర పుస్తకాలు, మరో గిరిజన భాష కువి పుస్తకాలు, పాత కాలేజీ మ్యాగజైన్లు, స్థానిక చరిత్రలు.

కాలేజీ మ్యాగజైన్ల ఇండెక్సింగు మొదలుపెట్టాం. ఒకే సంచికలో తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ విభాగాలు పక్కపక్కనే ఉన్నాయి. ప్రతి వ్యాసానికీ విడి రికార్డు ఇస్తున్నాం.

ఫైలు పక్కన పెట్టిన కాలేజీకి రసీదు నమూనా మళ్లీ పంపాం. జయపురం, ఇచ్ఛాపురం, పలాస కాలేజీల లైబ్రేరియన్లు ఇది చదివితే, మీ లిస్టు ఏ ఫాంటులో ఉన్నా, చేతిరాతలో ఉన్నా అలాగే పంపండి. దిద్దుకునే పిల్లలు ఇక్కడ ఉన్నారు. ఒప్పందం కాగితం మాత్రం ముందు మీ ప్రిన్సిపాల్ గారికి చూపించి, రసీదు షరతు దగ్గర ఆయన సంతకం తీసుకోండి.